ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డను పెంచడం: ఇంట్లో, బడిలో, డాక్టరు దగ్గర ఏం చేయాలి

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలపలేకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే ఎదుగుదల సమస్య. అది ఉన్న పిల్లలకు ఏది ఎలా చేయాలో సాధారణంగా తెలిసే ఉంటుంది. హోంవర్క్ రాయాలని, రోడ్డు దాటేముందు ఆగాలని, తమ్ముణ్ణి కొట్టకూడదని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఆ తెలిసిన సంగతి పని చేయవలసిన క్షణానికి అందిరాకపోవడమే వారి ఇబ్బంది. మెదడులో ధ్యాసను, తొందరపాటును అదుపు చేసే ముందు భాగాలు ఈ పిల్లల్లో ఆలస్యంగా ఎదుగుతాయి. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మెదడు పైపొరలో సగం భాగం తన గరిష్ఠ మందానికి చేరే వయసు మిగతా పిల్లల్లో సుమారు 7.5 ఏళ్ళు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో సుమారు 10.5 ఏళ్ళు. అందుకే పదేళ్ళ బిడ్డకు చదువులో పదేళ్ళ పిల్లలకు చెప్పేదే చెప్పండి. కుదురు, ఓపిక, సమయపాలన విషయాల్లో మాత్రం ఏడేళ్ళ బిడ్డకు ఎంత తోడు ఉంటారో అంత తోడు ఉండండి.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నిటికీ ఆధారం ఒక్కటే: పని ఎక్కడ, ఎప్పుడు జరగాలో సాయం అక్కడే, అప్పుడే అందాలి. సాయంత్రం కూర్చోబెట్టి చెప్పిన బుద్ధులు మర్నాడు ఉదయం బూట్లు వేసుకునే వేళకు ఈ పిల్లలకు అక్కరకు రావు.

మొదటి పని: నిర్ధారణ

అల్లరి చేసే పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ ఉండదు. ధ్యాస నిలపలేకపోవడానికి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గాని, అతి చురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గాని కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు పైగా కొనసాగాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా బిడ్డ జీవితానికి అడ్డు తగులుతుండాలి. ఇంట్లో మాత్రమే గొడవ చేసి బడిలో ఏ ఇబ్బందీ లేని బిడ్డ విషయంలో కారణాన్ని ముందు మరోచోట వెతకాలి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వారిలో చాలామందికి పరుగులు, గంతులు ఉండవు. కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటారు, టిఫిన్ డబ్బా బడిలోనే మరచి వస్తారు, పరీక్షలో చివరి పేజీ చూడకుండానే పేపరు ఇచ్చేస్తారు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ‘మందకొడి’ అన్న ముద్రతోనే పదో తరగతి దాకా వస్తారు. మీ అమ్మాయి అలా కనిపిస్తే ఆలస్యం చేయకండి.

పిల్లల మానసిక వైద్యులు, పిల్లల ఎదుగుదల విషయంలో శిక్షణ పొందిన పిల్లల డాక్టర్లు ఈ నిర్ధారణ చేస్తారు. క్లినికల్ సైకాలజిస్టులు పరీక్షల్లో సాయపడతారు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు వినగానే వెనుకాడే తల్లిదండ్రులు చాలామంది. ఆ జంకుతో బిడ్డకు రెండు మూడు విద్యా సంవత్సరాలు నష్టమవడం న్యాయం కాదు. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన పరిస్థితుల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ బృందం బడికి వచ్చినప్పుడు ఉపాధ్యాయుల ద్వారా మీ బిడ్డ సంగతి చెప్పించి, జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను త్వరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఉచితంగా పంపించమని అడగండి. ఎవరిని కలవాలో తెలియనప్పుడు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా సేవ అది. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండి. యూకేజీ నుంచి ఉన్న ప్రోగ్రెస్ రిపోర్టులు, టీచర్లు డైరీలో రాసిన ఫిర్యాదులు, రెండు మూడు నోటు పుస్తకాలు తీసుకువెళ్ళండి. ఒక రెండు వారాలపాటు ఏ రోజు, ఏ వేళ, ఏం జరిగిందో చిన్న పుస్తకంలో రాసి ఉంచండి. ‘మాట వినడు’ అన్న ఒక్క మాట కంటే ‘సోమవారం రాత్రి అన్నం ముందు నుంచి తొమ్మిది సార్లు లేచాడు’ అన్న వాక్యం డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. వాండర్‌బిల్ట్ వంటి ప్రశ్నావళులను మీ చేతా, టీచరు చేతా నింపిస్తారు. భారతీయ పిల్లల కోసం ఇంక్లెన్ అనే వైద్య పరిశోధన సంస్థ తయారు చేసిన ప్రశ్నావళి కూడా ఉంది. రక్తపరీక్షతో గాని, మెదడు స్కానుతో గాని ఏడీహెచ్‌డీని తేల్చలేరు. అటువంటి స్కాన్ల పేరుతో, ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ శిక్షణల పేరుతో డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి.

అయితే ఏడీహెచ్‌డీలా కనిపించే ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి కొన్ని పరీక్షలు అవసరమవుతాయి. చూపు, వినికిడి తప్పక చూపించండి. బిడ్డ రాత్రిపూట గురక పెడుతుంటే, నోటితో గాలి పీలుస్తుంటే ఆ మాట చెప్పండి. నిద్ర చాలని పిల్లలు పగలు అచ్చం ఇలాగే ప్రవర్తిస్తారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకపోవడం గమనించి ఉంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. మూడో తరగతికి వచ్చినా ఒత్తులు, గుణింతాలు కూడబలుక్కోవలసి వస్తుంటే అభ్యసన వైకల్యం ఉందేమో పరీక్షించమని అడగండి. ఏడీహెచ్‌డీతో పాటు అది కూడా ఉన్న పిల్లలు చాలామంది ఉంటారు.

రెండో పని: చెప్పే తీరు మార్చుకోవడం

వంటింట్లోంచి కేక వేసి చెప్పిన మాట ఈ పిల్లలకు చేరదు. దగ్గరికి వెళ్ళండి, భుజం మీద చేయి వేయండి, పేరు పెట్టి పిలిచి కళ్ళు కలిశాక ఒకే ఒక్క పని చెప్పండి. ‘త్వరగా రెడీ అవ్వు’ అన్న మాటలో పళ్ళు తోముకోవడం నుంచి బ్యాగు సర్దుకోవడం దాకా ఎనిమిది పనులు దాగి ఉన్నాయి. ‘బూట్లు వేసుకో’ అనండి. అది పూర్తయ్యాక తరువాతి పని చెప్పండి. ‘పరుగెత్తకు’ కంటే ‘నా చేయి పట్టుకుని నడువు’ అన్నది సులభంగా అందుతుంది, ఎందుకంటే మానవలసిన దానితో పాటు చేయవలసినదేమిటో అందులో ఉంది.

ఉదయం హడావిడిని రాత్రే సగం తగ్గించవచ్చు. యూనిఫాం, సాక్సులు, ఐడీ కార్డు ఒకే చోట, సర్దిన బ్యాగు గుమ్మం పక్కన పెట్టించండి. బిడ్డ చేతే పెట్టించాలి, మీరు పక్కన నిలబడాలి. చేయవలసిన పనులను బొమ్మలతో ఒక అట్ట మీద గీయించి, ఆ పనులు జరిగే చోటనే అంటించండి: పళ్ళు తోముకునే బొమ్మ బాత్రూం తలుపు మీద, లంచ్ బాక్సు బొమ్మ వంటింటి గట్టు దగ్గర. గోడమీద అన్నిటినీ కలిపి ఒకే చార్టు పెడితే వారం తిరిగేసరికి దాన్ని ఎవరూ చూడరు.

ఈ పిల్లలకు కాలం ఎంత గడిచిందో లోపల తెలియదు. కాబట్టి ముళ్ళ గడియారం బిడ్డకు కనిపించే ఎత్తులో పెట్టి, ‘పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేసరికి టిఫిన్ తినడం అయిపోవాలి’ అని చెప్పండి. ‘పది నిమిషాల్లో’ అన్న మాటకు వారి దగ్గర రూపం లేదు.

మూడో పని: హోంవర్క్

ఇంటి గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. బడి నుంచి రాగానే పుస్తకాలు తీయించకండి. ఏదైనా తిని, అరగంటో ముప్పావు గంటో బయట పరుగెత్తి ఆడుకున్న తరువాత ధ్యాస నిలిచే అవకాశం ఎక్కువ. రోజూ అదే చోటు, అదే వేళ ఉండాలి. టీవీ కనిపించని, ఫోను మోగని చోటయితే చాలు. వేరే గది అక్కరలేదు. మీరు పక్కనే కూర్చుని కూర తరుక్కుంటున్నా, మీ పని చేసుకుంటున్నా ఫరవాలేదు. మనిషి పక్కన ఉండడమే ఈ పిల్లలకు సగం సాయం.

పనిని పది, పదిహేను నిమిషాల ముక్కలుగా విడగొట్టండి. ఇరవై లెక్కలు ఒక్కసారి కళ్ళబడితే బిడ్డ మొదలే పెట్టడు. తెల్లకాగితంతో కింది భాగం మూసి, నాలుగు లెక్కలు మాత్రం కనిపించనివ్వండి. ముక్కకూ ముక్కకూ మధ్య మూడు నాలుగు నిమిషాలు లేచి తిరగనివ్వండి, కాని ఆ వ్యవధిలో ఫోను ఇవ్వకండి, తిరిగి లాక్కోవడం మరో యుద్ధమవుతుంది. ఎక్కాలు, పద్యాలు నడుస్తూ, బంతి గోడకు కొడుతూ అప్పజెప్పినా తప్పులేదు. కుర్చీలో కదలకుండా కూర్చోవాలనే పట్టుదలతో బిడ్డకున్న కాస్త ధ్యాసనూ కూర్చోవడానికే ఖర్చుపెట్టించకండి.

ఒక పరిమితి కూడా ఉండాలి. టీచరుతో మాట్లాడి, తరగతిని బట్టి ఇంతసేపు నిజాయితీగా పనిచేస్తే మిగిలినది వదిలేయవచ్చని ఒప్పందం చేసుకోండి. రాత్రి పది దాకా ఏడుస్తూ నింపిన కాపీరైటింగ్ పేజీల వల్ల బిడ్డకు చదువు మీద విరక్తి తప్ప ఒరిగేదేమీ లేదు.

నాలుగో పని: మెప్పు, బహుమతి, శిక్ష

‘ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్ కొంటాను’ అన్న వాగ్దానం ఈ పిల్లల మీద పనిచేయదు. అంత దూరాన ఉన్న ఫలం వారి కళ్ళకు ఆనదు. బహుమతి చిన్నదై ఉండాలి, వెంటనే అందాలి, తరచుగా అందాలి. ఒక గాజు సీసా, గుప్పెడు చింతపిక్కలు చాలు. బిడ్డకు కష్టంగా ఉన్న రెండు మూడు పనులే ఎంచుకోండి. మొదటిసారి చెప్పగానే లేవడం, హోంవర్క్‌లో ఒక ముక్క పూర్తి చేయడం, చెల్లెలిని కొట్టకుండా సాయంత్రం గడపడం వంటివి. అది జరిగిన క్షణంలోనే ఒక పిక్క సీసాలో వేయించి, ఎందుకు వేశారో చెప్పండి: ‘టీవీ కట్టేయమనగానే కట్టేశావు.’ ఐదు పిక్కలకు నాన్నతో క్యారమ్స్, పదింటికి రాత్రి భోజనంలో ఏ కూరో ఎంచుకునే హక్కు, ఇలా ఆ రోజే మార్చుకోగలిగిన వాటిని పెట్టండి. సంపాదించుకున్న పిక్కలను ఎంత కోపం వచ్చినా వెనక్కి తీసుకోకండి. రెండు మూడు వారాల్లో బహుమతుల మీద మోజు తగ్గుతుంది. పద్ధతి పనిచేయలేదని అనుకోకుండా బహుమతులు మాత్రం మార్చండి.

శిక్ష తప్పనిసరైతే అది చిన్నదిగా, వెంటనే, ముందే చెప్పి ఉంచినదిగా ఉండాలి. బొమ్మ విసిరితే ఆ బొమ్మ ఆ పూటకు బీరువా ఎక్కుతుంది. అంతటితో ఆ విషయం ముగిసిపోవాలి. వారం రోజులు ఆటలు బంద్ చేస్తే, రెండో రోజుకు ఎందుకో బిడ్డ మరచిపోతుంది, అలసట తీర్చే పరుగు కూడా పోయి ప్రవర్తన ఇంకా చెడుతుంది. కొట్టడం అసలే వద్దు. ‘రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు’ అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, ప్రేమతోనే అంటారు. కాని దెబ్బ వల్ల మెదడు ముందు భాగం ఎదగదు; తాను చెడ్డవాడినన్న నమ్మకం మాత్రం బలపడుతుంది. చిన్నప్పటి నుంచి రోజూ తిట్లే వినే బిడ్డ పదమూడు, పద్నాలుగేళ్ళకు దిగులులో పడడం, చదువు వదిలేయడం నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడే విషయం. కాబట్టి రోజుకు పది, పదిహేను నిమిషాలు చదువు ప్రస్తావన, తప్పుల ప్రస్తావన లేకుండా బిడ్డ ఎంచుకున్న ఆట బిడ్డతో ఆడండి. ఇది బహుమతి కాదు. ఆ రోజు ఏం జరిగినా దీన్ని రద్దు చేయకండి.

ఐదో పని: బడితో మాట్లాడడం

ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, విద్యా సంవత్సరం మొదట్లోనే క్లాస్ టీచరును విడిగా కలవండి. పేరెంట్స్ మీటింగ్ వరుసలో నిలబడి చెప్పే విషయం కాదిది. డాక్టరు ఇచ్చిన రిపోర్టు నకలుతో పాటు, ఒకే పేజీలో బిడ్డకు ఏది కష్టం, ఏది బాగా వచ్చు, ఇంట్లో ఏది పనిచేస్తోంది అనే మూడు సంగతులు రాసి ఇవ్వండి. అడగవలసినవి కూడా తక్కువే ఉండాలి: ముందు వరసలో, కిటికీకి తలుపుకు దూరంగా, కుదురైన విద్యార్థి పక్కన చోటు, నోటు పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం వంటి కదిలే పనులు, హోంవర్క్ డైరీలో ఎక్కిందో లేదో సాయంత్రం ఒక్క చూపు. ఇంటర్వెల్‌లో ఆట మాన్పించే శిక్ష వేయవద్దని గట్టిగా కోరండి.

రోజూ ఇంటికీ బడికీ మధ్య తిరిగే చిన్న కార్డు ఒకటి చాలా మేలు చేస్తుంది. అందులో రెండు మూడు లక్ష్యాలే ఉండాలి, టీచరు ఒక్కో పీరియడ్ చివర టిక్కు పెడితే చాలు, ఆ టిక్కులకు ఇంట్లో పిక్కలు పడాలి. అరవై మంది ఉన్న తరగతిలో టీచరుకు ఇది కూడా భారమే. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అయినా సరే ఒప్పుకోండి, కృతజ్ఞత చెప్పండి.

హక్కుల విషయం కూడా తెలిసి ఉండాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అభ్యసన వైకల్యం, ఆటిజం ఉన్నాయి. మీ బిడ్డకు అభ్యసన వైకల్యం కూడా ఉన్నట్టు తేలితే ధ్రువపత్రం తీసుకోండి; సీబీఎస్ఈ పరీక్షల్లో అటువంటి విద్యార్థులకు మూడు గంటల పేపరుకు అదనంగా ఒక గంట ఇస్తారు. బోర్డును బట్టి నియమాలు మారతాయి కనుక తొమ్మిదో తరగతిలోనే ప్రధానోపాధ్యాయులను అడిగి కాగితాలు సిద్ధం చేసుకోండి. ప్రభుత్వ బడి పిల్లలైతే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ప్రత్యేక ఉపాధ్యాయులను కలవవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు 504 ప్లాన్ (వైకల్యం ఉన్న విద్యార్థికి బడిలో ఇవ్వవలసిన సౌకర్యాల రాతపూర్వక ప్రణాళిక) కోసం బడికి రాతపూర్వకంగా అభ్యర్థన ఇవ్వాలి. అక్కడ ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నా దానికి అర్హత పొందే వీలుంది.

ఆరో పని: మందుల విషయంలో నిర్ణయం

ఆరేళ్ళ లోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రుల శిక్షణే చికిత్స. ఆరేళ్ళు దాటినవారికి ఇబ్బంది ఎక్కువగా ఉంటే మందు, పైన చెప్పిన పద్ధతులు రెండూ కలిపి సూచిస్తారు. మిథైల్‌ఫెనిడేట్ ఎక్కువగా వాడే మందు. ఈ తరహా మందులు పదిమందిలో సుమారు ఏడుగురికి బాగా పనిచేస్తాయి. ఇది నిద్రమాత్ర కాదు, మత్తులో ఉంచి అల్లరి మాన్పించదు. మందు సరిగా కుదిరితే బిడ్డ స్వభావం అలాగే ఉంటుంది, మొదలుపెట్టిన పని కొనసాగుతుంది. బిడ్డ బొమ్మలా మొద్దుబారి కూర్చుంటే మోతాదు ఎక్కువైందని అర్థం. వెంటనే డాక్టరుకు చెప్పండి.

మామూలు మాత్ర ప్రభావం మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకాలది ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటుంది. మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలో ఉన్నందున చీటీ లేకుండా అమ్మరు, అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి సాధారణంగా కనిపించే దుష్ప్రభావాలు. అందుకే ఉదయం కడుపునిండా టిఫిన్ పెట్టిన తరువాతే మాత్ర వేయండి. మధ్యాహ్నం డబ్బా సగం తిరిగివచ్చినా కోప్పడకుండా, మందు ప్రభావం తగ్గిన సాయంత్రం వేళ గట్టిగా ఏదైనా పెట్టండి. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమంగా చూపిస్తూ ఉండండి. బిడ్డ ఆటలో ఎప్పుడైనా స్పృహ తప్పి ఉంటే, కుటుంబంలో చిన్న వయసులో గుండె ఆగి మరణించినవారు ఉంటే, మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. ఆటమాక్సెటిన్ వంటి మరో రకం మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని ఆపేయకండి. క్లోనిడిన్ ఇస్తున్నట్టయితే దాన్ని హఠాత్తుగా మానకూడదు, రక్తపోటు పెరుగుతుంది. ఏ మందైనా మీ చేతి మీదుగానే ఇవ్వండి.

జ్ఞాపకశక్తి టానిక్కులకు ఏడీహెచ్‌డీ విషయంలో ఆధారం లేదు. తీపి తినడం వల్ల ఇది రాదు. వేళకు నిద్ర, పడుకునే ముందు గంటసేపు ఫోను లేకపోవడం, రోజూ చెమట పట్టే ఆట మాత్రం నిజంగా సాయపడతాయి.

ఏడో పని: ప్రమాదాలకు ముందుచూపు

తొందరపాటు ఉన్న పిల్లలకు గాయాలు ఎక్కువ. సంక్రాంతికి పిట్టగోడ లేని డాబా మీద గాలిపటాలు ఎగరేయనివ్వకండి; గాలిపటం మీద చూపు పడ్డాక అంచు ఎక్కడుందో ఈ బిడ్డకు గుర్తుండదు. దీపావళికి ఒక్కో టపాకాయ మీ చేతి నుంచే అందాలి. చెరువు, కాలువ దగ్గర్లో ఉంటే త్వరగా ఈత నేర్పించండి. పెళ్ళిళ్ళకు, గుడి క్యూలకు వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి రెండే నియమాలు చెప్పి, బిడ్డ చేత తిరిగి చెప్పించండి. రెండు గంటలు కూర్చోలేడని తెలిసినప్పుడు మధ్యలో బయట తిప్పి తీసుకురావడానికి ఒకరిని ముందే ఒప్పించి ఉంచండి.

పద్నాలుగేళ్ళకే బండి తాళాలు ఇచ్చే అలవాటు మన ఊళ్ళలో ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న యువకులకు రోడ్డు ప్రమాదాలు మిగతావారికంటే ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

ఇంట్లో మిగతావారు

ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. ‘వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే’ అని నాయనమ్మ అంటే ఆ మాటలో తరచు నిజం ఉంటుంది; ఆ నాన్న కూడా పరీక్ష చేయించుకుంటే ఇంటికంతా మేలు. ఇద్దరిలో ఒకరు గారాబం, మరొకరు కోపం అన్నట్టు విడిపోకుండా నియమాలు ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. మిగతా పిల్లలకూ పిక్కల సీసా ఉండాలి, వారికీ మీ సమయం విడిగా దక్కాలి.

పిల్లలు ఎదిగేకొద్దీ

చాలామందికి పరుగులు తగ్గుతాయి గాని ధ్యాస, సమయపాలన ఇబ్బందులు పెద్దయ్యాక కూడా మిగులుతాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ళకే తన పరిస్థితి ఏమిటో బిడ్డకు సరళంగా చెప్పండి, పన్నెండేళ్ళ నుంచి డాక్టరుతో మాటల్లో పాల్గొననివ్వండి, మాత్ర వల్ల ఏం మారిందో బిడ్డనే చెప్పమనండి.

పదో తరగతి తరువాత ఇంటర్‌లో చేర్చడం అన్నిటికంటే పెద్ద నిర్ణయం. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిచే రెసిడెన్షియల్ కళాశాల ఈ పిల్లల్లో ఎక్కువమందికి సరిపడదు. ఇంటినుంచి వెళ్ళివచ్చే వీలుంటే అదే మంచిది. హాస్టలు తప్పనిసరైతే ఫీజు కట్టకముందే కొన్ని సంగతులు అడగండి: మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి, ఉదయం ఎవరు ఇస్తారు, రాత్రి ఎన్ని గంటలకు పడుకోనిస్తారు, సాయంత్రం ఆటకు గంట ఉంటుందా, డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన రోజున ఔటింగ్ ఇస్తారా. జవాబులు వార్డెన్ నుంచి రాయించి తీసుకోండి, మొదటి నెలలో వారానికి ఒకసారి వెళ్ళి బిడ్డతో విడిగా మాట్లాడండి, బరువు తగ్గినా నిద్ర చెడినా ఆ వారమే డాక్టరుకు చూపించండి.